నేలలో లోహఫాస్ఫేటుల స్ఫటికములు పుట్టు విధమును, అందు సున్నము చేయు పనియు

సంఘసభ్యులగు కర్షకసోదరులు ప్రతి వానకాలమునను, ప్రతి యాసంగిని గోదామునుండి కొనిపోవు డి.ఏ.పి. బస్తా ఒక్కొక్కటి 50 కిలోల తూకము కలది. అందు నత్రజని 9 కిలోలు, భాస్వరికామ్లపు లెక్కన భాస్వరము 23 కిలోలు ఉండును. ఈ 23 కిలోలలో ఆ కారు పంటకు దక్కునది సామాన్యముగా నాలుగవ వంతునకు మించదు. తక్కినది ఏమగుచున్నది? యూరియా నత్రజనివలె గాలిలో కలిసిపోవునది కాదు. నీటివెంట లోతునకు జాఱునదియు స్వల్పమే. అది మన మడిలోనే, మట్టిరేణువుల నంటుకొని కొంతయు, లోహములతో జతగూడి కంటికి కానరాని స్ఫటికములుగా మాఱి కొంతయు నిలిచియుండును. ఈ స్ఫటికములు ఎట్లు పుట్టుచున్నవి, వానిలో సున్నపు పాలెంత, సీసము కాడ్మియము వంటి విషలోహములు వానియందు చిక్కుకొనుట మనకు మేలా కీడా యనునది నేటి పాఠము. రసాయనశాస్త్రము కొంత తప్పదు గాని, చెఱకు గానుగయొద్ద బెల్లము వండినవారికి ఇందు క్రొత్తది మిక్కిలి తక్కువ.

కామారెడ్డి బెల్లపు బజారు ఎఱిగినవారే మనలో అనేకులు. పాకము చిక్కబడినకొలది నీరు తగ్గి చక్కెరపాలు హెచ్చును. నీరు మోయగల హద్దు దాటిన పిమ్మట చక్కెర నీటియందు నిలువజాలక గట్టిపడును. పటికబెల్లము చేయువారు పాకమున దారము వ్రేలాడదీయుదురు. దారమునకు మొదట చిన్న పలుకు అంటును. ఆ పలుకుపై పొర వెంబడి పొర పేరుకొని పెద్ద స్ఫటిక మగును. పాకమును త్వరగా చల్లార్చి కలియబెట్టినచో లెక్కలేనన్ని సన్నని పలుకులు ఒక్కమాఱు పుట్టును. మెల్లగా వదలినచో కొద్దిపాటి పెద్ద పలుకులు పెరుగును. హద్దు దాటుట, బీజము పడుట, బీజముపై పొరలు పెరుగుట అను ఈ మూడు మెట్లే లోహఫాస్ఫేటులకును వర్తించును. భేదమొక్కటే: చక్కెర ఒక్క పదార్థము, లోహఫాస్ఫేటు పుట్టవలెనన్న లోహమును ఫాస్ఫేటును రెండును ఒకే నీటిబొట్టులో కలియవలెను. రెండింటి పాళ్లను హెచ్చవేయగా వచ్చు మొత్తము ఆ లవణమునకు నియతమైన హద్దును దాటినప్పుడే స్ఫటికము పుట్టును. కాబట్టి లోహము బహుస్వల్పముగా నున్నను ఫాస్ఫేటు దండిగా నున్నచో హద్దు దాటవచ్చును.

ఈ హద్దు అన్ని లోహములకు నొక్కటి కాదు. సీసమునకు అది అత్యల్పము. సీసము, ఫాస్ఫేటు, ఉప్పునందలి క్లోరిను కలిసిన పైరోమార్ఫైటు అను ఖనిజము సీసపు లవణములలో నీటికి లొంగనివానిలో మొదటివరుసది. ఇనుము, అల్యూమినియముల ఫాస్ఫేటులు ఎఱ్ఱని చెలకలలో పుట్టును. అవియు సులభముగా కరగవు. తుత్తునాగము, అనగా మనము జింకు అని పిలుచునది, దాని ఫాస్ఫేటు వీనితో పోల్చినచో చాల మెత్తనిది, నీటికి కొంత లొంగునది. ఈ తారతమ్యము తెలియకయే మనలో ఒక పొరపాటు అభిప్రాయము ప్రబలినది. దానిని ముందు చెప్పుదును.

ఇక సున్నము. సున్నమునందలి లోహమును మన పెద్దలు ఖటికము అనిరి, ఇప్పటివారు కాల్షియ మందురు. రామారెడ్డి ప్రాంతమున ఎఱ్ఱని చెలకలును నల్లని రేగళ్లును రెండును కలవు. రేగడి దున్నునపుడు నాగలికి తెల్లని సున్నపుగడ్డలు తగులుట అందఱు చూచినదే. అట్టి నేలలో నీటిబొట్టు ప్రతిదానియందును ఖటికము కరిగియుండును. సీసమో జింకో కోటిలో ఒక పాలుండునెడ ఖటికము వేలరెట్లుండును. కాబట్టి ఫాస్ఫేటు పడగానే మొదట చేయి సాచునది ఖటికమే.

చెఱకు కార్ఖానాలో ఈ తంతును పనిగట్టుకొని చేయుదురు. 1937లో స్థాపింపబడి 2015లో గానుగ ఆపిన బోధను నిజాము చక్కెర కార్ఖానా మొదలుకొని నేడు నడచుచున్న కార్ఖానాలవఱకు రసము తేర్చు మూలసూత్ర మొక్కటే. రసమునందు సహజముగానున్న ఫాస్ఫేటునకు సున్నపుపాలు చేర్చి కాచినచో ఖటికఫాస్ఫేటు దూదిపింజలవలె గడ్డకట్టి, మడ్డిని తనలో చుట్టుకొని అడుగునకు దిగును. రసములో ఫాస్ఫేటు తక్కువైన సంవత్సరము భాస్వరికామ్లము కొంచెము పోయుదురు. సున్నము తక్కువైనచో రసము తేరదు, ఎక్కువైనచో రంగు చెడును. ఆ దూదిపింజ ఇంకను స్ఫటికము కాదు. తడితో కూడిన క్రమములేని ముద్ద. అది క్రమముగా గట్టిపడి స్ఫటికమగుటకు కాలము కావలెను.

నేలలోను ఇట్లే మెట్లు మెట్లుగా జరుగును. సూపరుఫాస్ఫేటు గుళిక మట్టిలోని తేమను పీల్చి కరగును. గుళిక చుట్టునుండు ఆ నీరు నిమ్మరసముకంటెను పులుపు. ఆ పులుపు చుట్టుప్రక్కల మట్టినుండి ఇనుమును, అల్యూమినియమును, సున్నమును కొఱికి తీసికొనును. పులుపు విఱుగుకొలది మొదట ద్విఖటికఫాస్ఫేటు పుట్టును; ఇది వేరు తినగల మెత్తని రూపము. నెలలు గడచినకొలది అది అష్టఖటికఫాస్ఫేటుగా, తుదకు అపటైటుగా మాఱును. అపటైటనగా మన యెముకలును పండ్లును ఏ పదార్థముతో కట్టబడినవో ఆ పదార్థమే. మొదట మెత్తనిది, పిదప గట్టిది యను ఈ వరుసను జర్మను శాస్త్రజ్ఞుడు ఆస్ట్వాల్డు 1897లో సామాన్యసూత్రముగా నిరూపించెను. ఎరువు వేసిన తొలి వారములలో పైరునకు భాస్వరము బాగుగా అందుటయు, తరువాత మందగించుటయు దీనివలననే.

ఇచ్చట పశువులపెంట పని గుర్తింపదగినది. మాగిన పెంటలోని ఆమ్లములు ఖటికమును తాము పట్టుకొనును. అంతేగాక పుట్టుచున్న స్ఫటికపు అంచులకు అంటుకొని క్రొత్తపొర పేరుకొనకుండ అడ్డుపడును. పాకములో నిమ్మరసము పిండినచో పటిక కట్టకుండుట ఎఱిగినదే. కారణము వేఱైనను ఫలమట్టిదే. సూపరుఫాస్ఫేటును మాగిన పెంటతో కలిపి వేయుడని చెప్పుటకు హేతువిది. చల్లుటకంటె సాలులో విత్తనము ప్రక్కన వేయుట మేలనుటకును ఇదియే హేతువు: మట్టితో తాకుడు తగ్గినకొలది సున్నపు పట్టు తగ్గును.

ఇప్పుడు లోహములు ఒకదాని చోట మఱియొకటి దూరు సంగతి. అపటైటు స్ఫటికమును ఇటుకగోడగా భావింపుడు. ఖటికపు ఇటుక కొలత 100 అనుకొన్నచో కాడ్మియము 95, సీసము 119, జింకు 74. కాడ్మియము కొలత ఇంచుమించు సమానము గాన అది గోడలో ఖటికపు చోటున దొంగవలె దూరి కూర్చుండును, గోడ చెదరదు. సీసము పెద్దది, కొలదిపాటిగా దూరగలదు గాని దండిగా వచ్చినచో పాతగోడను కరగించి తన గోడను తానే కట్టుకొనును. అదే పైరోమార్ఫైటు. 1993లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు అపటైటుపొడిని సీసపునీటిలో కలిపి దీనిని స్పష్టముగా చూపిరి: అపటైటు కరగుచు ఫాస్ఫేటు నిచ్చెను, ఆ ఫాస్ఫేటును సీసము అచ్చటికచ్చటనే పట్టుకొని స్ఫటికమయ్యెను. జింకు చిన్నది; చోటు వదులు. అది గోడలో ఇముడదు సరికదా, పెరుగుచున్న అంచుపై చేరి పై ఇటుకను రానీయదు. అపటైటు పెరుగుదలకు జింకు ప్రబలమైన అడ్డు.

ఖటికము మాత్రము జింకుఫాస్ఫేటుతో మఱియొక తీరుగ వ్యవహరించును. మోటారుబండ్ల ఇనుపరేకులకు రంగు పూయుటకు ముందు జింకుఫాస్ఫేటు తొట్టిలో ముంచి సన్నని పలుకుల పొర కట్టింతురు, తుప్పు పట్టకుండుటకు. ఆ తొట్టిలో ఖటికలవణము కొంచెము కలిపినచో పలుకులు సన్ననై దట్టముగా అల్లుకొనును, స్ఫటికపు జాతియే మాఱి ఖటికమును జింకును కలసిన షోల్జైటు అను రూపము పుట్టును. ట్రాక్టరు మట్టిరెక్కకు రంగు ఊడకుండ నిలుచుట వెనుక ఇట్టి పని యుండవచ్చును. ఇది మన సేద్యమునకు దూరమైనను, సున్నము పలుకు పరిమాణమును కూడ మార్చగలదని తెలియుటకు చెప్పితిని.

వరికి వత్తము. నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ఆకులపై తుప్పురంగు మచ్చలు పడి, నడిమి ఈనె మొదలు పాలిపోయి, పైరు ఎదుగక నిలిచినచో అది జింకు కొఱత. ఉత్తరదేశమున దీనిని ఖైరా అందురు. 1966లో పంతనగరు వ్యవసాయ విశ్వవిద్యాలయమున నేనే అను శాస్త్రజ్ఞుడు ఇది తెగులు కాదు, జింకు లేమి యని నిరూపించెను. భాస్వరము హెచ్చుగా వేసిన మడులలో ఈ లోపము ఎక్కువ కనబడును. కాబట్టి భాస్వరము జింకును స్ఫటికముగా బంధించి నేలలో పూడ్చుచున్నదని అనేకులు చెప్పుచుందురు. ఇదే నేను పైన సూచించిన పొరపాటు. నేలనీటిలో సామాన్యముగా నుండు జింకు, జింకుఫాస్ఫేటు పుట్టుటకు కావలసిన హద్దుకంటె తక్కువ. పైగా జింకుఫాస్ఫేటునే ఎరువుగా వేసి చూచినచోట్ల పైరు దానినుండి జింకును తీసికొనగలిగెను. నిజమైన కారణములు వేఱు. భాస్వరమువలన పైరు త్వరగా పెరిగి ఉన్న జింకు పలుచనగును. వేళ్లకు సాయపడు బూజుజాతి తగ్గును. వేరునుండి ఆకునకు జింకు పోవుట మందగించును. నిలువనీటి మడిలో సున్నము, బైకార్బొనేటు కలసి జింకు నణచును. సున్నపురేణువు పైననే జింకు అంటుకొనిపోవును. అనగా ప్రధానదోషి రేగడిలోని సున్నము, భాస్వరము తోడుదొంగ.

అట్లయిన జింకుసల్ఫేటును డి.ఏ.పి.తో కలుపవచ్చునా? కూడదు. నేలలో జింకు స్వల్పము గాని, బస్తాలో స్వల్పము కాదు. కావలసినవారు ఇంటిలోనే చూడవచ్చును. రెండు గాజుగ్లాసులలో నీరు పోసి ఒకదానిలో చెంచాడు డి.ఏ.పి., రెండవదానిలో చెంచాడు జింకుసల్ఫేటు కరగించి, తేటనీటిని తీసి రెండింటిని కలిపినచో తెల్లని మడ్డి పుట్టి అడుగునకు దిగును. డి.ఏ.పి.లోని అమ్మోనియా కూడ అందు చేరును. హద్దు దాటుట యనగా నేమో కంటితో చూచుట కింతకంటె చవుకైన ప్రయోగము లేదు. పిచికారి పీపాలో ఇది జరిగినచో గొట్టపు ముక్కు మూసికొనిపోవుటయు, రెండు సరకుల ధనము దండుగయగుటయు కలదు. కాబట్టి ఆఖరుదుక్కిలో ఎకరమునకు 20 కిలోల జింకుసల్ఫేటు విడిగా వేసి, భాస్వరపు ఎరువునకు కనీసము మూడుదినముల ఎడము పాటింపవలయును. నాటిన పిదప కొఱత కనబడినచో లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఆకులపై చల్లి, అయిదు దినముల కొకమాఱు రెండు మూడు తడవలు చేయవలయును.

విషలోహముల సంగతి ఇంతకంటె గంభీరము. ఫాస్ఫేటు ఎరువులకు మూలమగు రాతిలో కాడ్మియము స్వభావసిద్ధముగా నుండును. పైన చెప్పిన 100, 95 కొలతల సామ్యమే దానికి కారణము. కోట్ల యేండ్లనాడు సముద్రపుటడుగున పేరుకొన్న రాతిలో ఎక్కువ, అగ్నిశిలలలో తక్కువ. యూరపుదేశముల కూటమి 2022 జూలై మొదలు భాస్వరపు ఎరువులలో భాస్వరికపు లెక్కన కిలోకు 60 మిల్లీగ్రాములకు మించిన కాడ్మియము ఉండరాదని చట్టము అమలుచేసెను. మన దేశమున నగరపు చెత్తనుండి చేసిన కంపోస్టునకు ఎరువుల నియంత్రణ ఉత్తరువు కిలోకు కాడ్మియము 5, సీసము 100, ఆర్సెనిక్కు 10 మిల్లీగ్రాములు గరిష్ఠముగా నిర్ణయించినది. చవుకగా వచ్చినదని లారీలకొలది చెత్తయెరువు దింపుకొనుటకు ముందు ఆ పరీక్షాపత్రము అడుగుట మన హక్కు.

కాడ్మియము వరికంకిలోనికి ఎక్కినచో నేమగునో జపానుదేశపు తొయామా ప్రాంతము చెప్పుచున్నది. కమియోకా గనులనుండి జింజూ నదిలో కలిసిన కాడ్మియము వరిమళ్లకు పాఱి, ఆ బియ్యము తిన్నవారికి, విశేషించి పెక్కుమంది బిడ్డలను కన్న స్త్రీలకు, మూత్రపిండములు చెడి ఎముకలు మెత్తబడి విఱిగెను. బాధతో వారు చేసిన ఆక్రందనయే ఆ జబ్బునకు పేరయ్యెను: ఇతాయి ఇతాయి, అనగా అబ్బా అబ్బా. 1968లో ఆ ప్రభుత్వము దీనిని కాలుష్యరోగముగా అంగీకరించెను. వరిమడి విషయమున ఒక మెలకువ కలదు. నిలువనీరున్నంతకాలము కాడ్మియము గంధకముతో కూడి అణగియుండును. కంకివేళ మడి ఆరబెట్టినచో తిరిగి కరగి వేళ్లకెక్కును. ఖటికము దండిగానున్న నేలలో వేరుముఖమున కాడ్మియమునకు పోటీ యుండుటచేతను, పులుపు లేకుండుటచేతను ఎక్కుడు తగ్గును. ఆవిధముగా రేగడి సున్నము జింకు విషయమున మనకు శత్రువైనను కాడ్మియము విషయమున మిత్రమే.

సీసమునకు ఫాస్ఫేటే మందు. అమెరికాలోని ఓక్లండు నగరమున దక్షిణ ప్రెస్కాటు అను పేటలో ఇండ్లదొడ్ల మట్టి సీసముతో చెడియుండగా, 2011లో ప్రభుత్వమువారు మట్టిని ఎత్తిపోయుటకు మాఱు చేపయెముకల పొడిని అందు కలిపిరి. ఎముకలోని అపటైటు మెల్లగా కరగి సీసమును పైరోమార్ఫైటుగా బంధించును. ఆ మట్టి పసిబిడ్డ నోట పడినను కడుపులోని ఆమ్లమునకు ఆ స్ఫటికము సులభముగా లొంగదు. ఇచ్చటను సున్నపు చేయి కలదు. సున్నపునేల క్షారగుణము కలది గాన అందు ఎముకపొడి కరగుట మిక్కిలి నెమ్మది. పుల్లని నేలలో త్వరితము. మన చెలకలలో ఎముకపొడి పనిచేసినట్లు రేగడిలో పనిచేయకుండుటకు కారణమిదే. 1842లో ఇంగ్లండున లాస్ అను భూస్వామి ఎముకలపై గంధకికామ్లము పోసి సూపరుఫాస్ఫేటునకు హక్కుపత్రము పొందినదియు ఈ చిక్కు తొలగించుటకే.

ఇది చదివి, విషము కలసిన నేలలన్నిటికి ఫాస్ఫేటు చల్లిన చాలునని ఎవరైన తలచినచో అది ప్రమాదము. మన జిల్లాలోని నిజాంసాగరమునకు, 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ ఆనకట్టకు, నీరు మంజీర తెచ్చును. పటానుచెరు కార్ఖానాల వ్యర్థజలము మోసిన నక్కవాగు ఆ మంజీరలోనే కలియును. 1990లో ఈ కాలుష్యమును గూర్చి సుప్రీంకోర్టున వ్యాజ్యము పడెను. 2001లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ శాస్త్రజ్ఞులు పటానుచెరు మట్టిలో క్రోమియము, నికెలు, సీసము, ఆర్సెనిక్కు మొదలగునవి హెచ్చుగా నున్నట్లు ప్రకటించిరి. తరువాత అచ్చటి వ్యర్థజలమును కొంత శుద్ధిచేసి గొట్టముల ద్వారా హైదరాబాదు అంబరుపేటకు మళ్లించిరి గాని, మట్టిలో దిగినది మట్టిలోనే యుండును. అట్టి నేలలో సీసమును కట్టుటకు ఫాస్ఫేటు వేసినచో సీసము కట్టుబడును, ఆర్సెనిక్కు విడివడును. ఏలయన ఆర్సెనేటు ఫాస్ఫేటునకు కవలవంటిది. మట్టిరేణువుపై ఇద్దఱికి ఒక్కటే పీట. ఫాస్ఫేటు వచ్చి కూర్చున్నచో ఆర్సెనేటు లేచి నీటిలో పడును, నీటినుండి వరిలోనికి పోవును. ఒక విషమును బంధించి వేఱొక విషమును విడుచు మందును పరీక్ష లేనిదే వాడరాదు. మితిమీఱిన భాస్వరము వాననీటితో చెఱువున చేరి గుఱ్ఱపుడెక్కను పెంచుటయు మఱువరాదు.

రామారెడ్డి మండలము మంజీర కాలువలమీద గాక బోరుబావులమీదను చెఱువులమీదను ఆధారపడినది గాన పటానుచెరు మట్టి భయము మనకు నేరుగా లేదు. మనకు కావలసినది మామూలు మట్టిపరీక్షయే. పంట కోసిన పిదప, ఎరువు వేయకమునుపు, చేనిలో ఎనిమిది పది చోట్ల ఆఱంగుళముల లోతువఱకు ఆంగ్ల అక్షరము 'వి' ఆకారమున గుంట తీసి, ప్రక్కగోడనుండి సమానమైన పొర మట్టి చెక్కి, అన్నియు కలిపి నీడను ఆరబెట్టి అరకిలో పంపవలయును. గట్టుప్రక్కను, పెంటకుప్ప క్రిందను, చెట్టునీడను మట్టి తీయరాదు. పత్రము వచ్చిన వెంటనే మొదట పులుపు క్షారముల అంకె చూడుడు. అది 8కి సమీపమున నుండి, భాస్వరము 'అధిక' మని వ్రాయబడియున్నచో, ఆ యేడు డి.ఏ.పి. బస్తా తగ్గించి ఆ ధనముతో జింకుసల్ఫేటు కొనుట లాభము. జింకు లెక్క పత్రములో సామాన్యముగా పది లక్షల పాళ్లకు ఇన్ని పాళ్లని యుండును, 0.6కు తక్కువైనచో కొఱత యని తెలియవలెను. మట్టినమూనా తీయుటకు తుప్పుపట్టిన పార పనికిరాదు. జింకుపూత పూసిన తట్టలో మట్టి కలుపుట అంతకంటె పనికిరాదు, పూతనుండి రాలిన జింకు లెక్కను తలక్రిందులు చేయును. ప్లాస్టిక్కు బకెట్టు, మేదరిగంప, వెదురుపుల్ల చాలును.